బెంగళూరు నుంచి గాలి దారిన ఎంత దూరం, ఎంత సేపు? లెక్క కట్టే పద్ధతి వరసగా

“అన్నా, గన్నవరం ఐదొందల కిలోమీటర్లే. విమానం గంటకి ఎనిమిదొందలు పోతుందంటారు. అంటే నలభై నిమిషాల్లోపే దిగాలి. మరి టికెట్ మీద గంటా నలభై అని ఎందుకుంది?”

మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఈ ప్రశ్న నన్ను ఎంతమంది అడిగారో గుర్తులేదు. సంక్రాంతి టికెట్లు తీసే రోజుల్లో మరీ ఎక్కువ. అడిగేవాళ్ళలో సగంమంది రోజూ కోడ్ రాసేవాళ్ళే, భాగహారం రాక కాదు. నాలుగు వేర్వేరు సంగతుల్ని ఒకే సంఖ్యలో ఇరికించబోతారు, అక్కడ తేడా వస్తుంది. రెండు విమానాశ్రయాల మధ్య నేరు దూరం ఒకటి. విమానం నిజంగా ఎగిరే దూరం ఇంకొకటి. గేటు నుంచి గేటుకి పట్టే సమయం మూడోది. మన గుమ్మం నుంచి అమ్మావాళ్ళ గుమ్మానికి పట్టే సమయం నాలుగోది.

ఒక్కోదాన్ని విడిగా కట్టుకుంటూ పోదాం. వరస మాత్రం మార్చకండి.

1. ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

☐ ఫోన్లో కాలిక్యులేటర్. చాలా ఫోన్లలో అడ్డంగా తిప్పితే సైన్, కాస్ మీటలు వస్తాయి.

☐ రెండు విమానాశ్రయాల మూడక్షరాల కోడ్లు. టికెట్ మీద ఉంటాయి.

☐ రెండింటి అక్షాంశం, రేఖాంశం.

☐ విమానం రకం: జెట్టా, రెక్కల మీద పంకాలు తిరిగే ఏటీఆరా. టికెట్ వివరాల్లో రాసి ఉంటుంది.

☐ ప్రయాణ తేదీ. నెల మారితే గాలి మారుతుంది, విదేశమైతే గడియారమూ మారుతుంది.

కాలిక్యులేటర్ తెరవగానే ఒక చిన్న పరీక్ష చేయండి. కాస్ 60 నొక్కితే 0.5 రావాలి. మైనస్ 0.95 వచ్చిందంటే అది రేడియన్లలో ఉంది, డిగ్రీలకు మార్చండి. ఈ ఒక్క పరీక్ష ఎగ్గొట్టి అరగంట జుట్టు పీక్కున్నవాళ్ళను చూశాను. వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

2. ఏ విమానాశ్రయమో తేల్చుకోండి

ఊరి పేరు కొట్టి దూరం తీస్తే చాలా యాప్‌లు ఊరి నడిబొడ్డు నుంచి కొలుస్తాయి. బెంగళూరు నడిబొడ్డుకీ దేవనహళ్ళి దగ్గరి కెంపేగౌడ విమానాశ్రయానికీ ఎంత దూరమో ఎలక్ట్రానిక్ సిటీ నుంచి క్యాబ్‌లో వెళ్ళినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో చిక్కు పాత విమానాశ్రయాలతో. మ్యాపులో బెంగళూరు ఎయిర్‌పోర్ట్ అని వెతికితే హెచ్‌ఏఎల్ రన్‌వే కూడా కనిపిస్తుంది. అది కెంపేగౌడకు దక్షిణంగా 28 కిలోమీటర్ల దూరంలో ఉంది. హైదరాబాద్‌లో బేగంపేట, శంషాబాద్‌ల మధ్య 25 కిలోమీటర్లు. పొరపాటున రెండువైపులా పాతవి పట్టుకుంటే మీరు కట్టింది ఇప్పుడు ఎవరూ టికెట్ కొని ఎగరని దారి. విశాఖ ప్రయాణాలు భోగాపురానికి మారితే అక్కడా చుక్క మార్చుకోవాలి. పాతదానికీ దానికీ నేరుగా దాదాపు 40 కిలోమీటర్లుంది.

మనవాళ్ళకు తరచూ పనికొచ్చే స్థానాలు ఇవి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం:

• బెంగళూరు, బీఎల్‌ఆర్: 13.20, 77.71
• హైదరాబాద్ శంషాబాద్, హెచ్‌వైడీ: 17.23, 78.43
• విజయవాడ గన్నవరం, వీజీఏ: 16.53, 80.80
• విశాఖపట్నం, వీటీజెడ్: 17.72, 83.22
• రాజమహేంద్రవరం, ఆర్‌జేఏ: 17.11, 81.82
• తిరుపతి రేణిగుంట, టీఐఆర్: 13.63, 79.54
• చెన్నై, ఎంఏఏ: 12.99, 80.17
• ఢిల్లీ, డీఈఎల్: 28.56, 77.10
• దుబాయ్, డీఎక్స్‌బీ: 25.25, 55.36
• లండన్ హీత్రో, ఎల్‌హెచ్‌ఆర్: 51.47, −0.45
• శాన్‌ఫ్రాన్సిస్కో, ఎస్‌ఎఫ్‌ఓ: 37.62, −122.38

రెండు దశాంశాలు చాలు. మూడోది పోయినందువల్ల వచ్చే తప్పు ఏ వైపైనా అర కిలోమీటరు చిల్లరే.

3. డిగ్రీలు, నిమిషాలు: ఇక్కడే మొదటి బోల్తా

కొన్ని చోట్ల స్థానం 13 డిగ్రీల 12 నిమిషాలు అని రాస్తారు. దాన్ని 13.12 అని ఎక్కించేస్తారు చాలామంది. డిగ్రీకి నిమిషాలు అరవై. 12ని 60తో భాగిస్తే 0.2, కాబట్టి అది 13.20.

ఆ 0.08 డిగ్రీల తేడా భూమ్మీద దాదాపు 9 కిలోమీటర్లు. ఒక పక్కే తప్పితే 9. రెండు ఊళ్ళకూ ఇదే తప్పు చేస్తే ఎటు పోతుందో చెప్పలేం.

ఉత్తరం, తూర్పు కూడిక గుర్తు. దక్షిణం, పడమర మైనస్. మనదేశం వరకూ అన్నీ కూడికలే కాబట్టి మైనస్ మాట మర్చిపోతాం, అమెరికా లెక్కకొచ్చేసరికి దెబ్బ తింటాం. ఆ కథ అయిదో అంకెలో.

4. దగ్గరి ఊళ్ళకు చేతి లెక్క

వెయ్యి కిలోమీటర్ల లోపు దూరాలకు పెద్ద సూత్రాలు అక్కర్లేదు. బడిలో చదివిన లంబకోణ త్రిభుజం చాలు.

అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే ఎక్కడైనా సుమారు 111 కిలోమీటర్లు. రేఖాంశంలో డిగ్రీ అలా కాదు, భూమధ్యరేఖ నుంచి ధ్రువాల వైపు పోయేకొద్దీ ఇరుకవుతుంది. బెంగళూరుకీ తెలుగు రాష్ట్రాలకీ మధ్యనున్న 13 నుంచి 18 డిగ్రీల పట్టీలో సగటున 107 తీసుకోండి. ఈ రెండు సంఖ్యలూ గుర్తుంటే సగం పని అయినట్టే: నిలువుకి 111, అడ్డానికి 107.

బెంగళూరు నుంచి విజయవాడ కట్టి చూద్దాం.

మొదటి మెట్టు. అక్షాంశాల తేడా: 16.53 లోంచి 13.20 తీస్తే 3.33. దాన్ని 111తో గుణిస్తే 370.

రెండో మెట్టు. రేఖాంశాల తేడా: 80.80 లోంచి 77.71 తీస్తే 3.09. దాన్ని 107తో గుణిస్తే 331.

మూడో మెట్టు. రెండింటి వర్గాలూ కూడండి: 1,36,900కి 1,09,561 కలిపితే 2,46,461.

నాలుగో మెట్టు. వర్గమూలం: 496.

అసలు సూత్రంతో కడితే 498 వస్తుంది. రెండు కిలోమీటర్ల తేడా కెంపేగౌడ రన్‌వే పొడవులో సగం. దానికోసం బాధపడక్కర్లేదు.

ఇదే పద్ధతిలో విశాఖ కట్టండి, 774 వస్తుంది. అసలు 776. హైదరాబాద్ 454 వస్తుంది, అసలు 455. రాజమహేంద్రవరం 618. తిరుపతి, చెన్నై మన అక్షాంశానికి దగ్గర కాబట్టి అడ్డానికి 107 బదులు 108 వాడండి. తిరుపతికి 205, చెన్నైకి 268 దగ్గర తేలతాయి.

ఢిల్లీ అయితే నోటి లెక్కే. బెంగళూరు 77.71, ఢిల్లీ 77.10: రెండూ దాదాపు ఒకే నిలువు గీత మీద ఉన్నాయి. అక్షాంశాల తేడా 15.36ని 111తో గుణిస్తే 1,705. అడ్డం తేడా పట్టించుకోకపోయినా అసలు జవాబు 1,710కి అయిదు కిలోమీటర్ల దగ్గరికొచ్చాం.

5. సముద్రాలు దాటితే బల్లపరుపు లెక్క చెల్లదు

శాన్‌ఫ్రాన్సిస్కోకి పై పద్ధతిలో రేఖాంశాల తేడా దగ్గరి వైపు నుంచి 160 డిగ్రీలు తీసుకుని, అడ్డానికి 107 బదులు సగటు అక్షాంశానికి తగ్గ 100 చిల్లర వేసినా 16,300 కిలోమీటర్ల దగ్గర వస్తుంది. నిజమైన నేరు దూరం దాదాపు 13,990. భూమి గుండ్రం కాబట్టి ఉత్తరంగా వంగిపోయే దారి దగ్గర. బత్తాయి మీద రెండు చుక్కలు పెట్టి దారం బిగించి చూడండి, దారం తనంతట తనే ఆ దారి పట్టుకుంటుంది. దీన్నే మహావృత్త దూరం అంటారు, గ్రేట్ సర్కిల్ అంటే ఇదే.

దుబాయ్‌తో మెట్లు చూపిస్తాను, సంఖ్యలు చిన్నవి కాబట్టి.

మొదటి మెట్టు. రెండు అక్షాంశాల సైన్‌లనూ గుణించండి. సైన్ 13.20 అంటే 0.2284, సైన్ 25.25 అంటే 0.4266. లబ్ధం 0.0974.

రెండో మెట్టు. రెండు అక్షాంశాల కాస్‌లనూ, రేఖాంశాల తేడా కాస్‌నూ గుణించండి. 0.9736, 0.9044, తేడా 22.35 డిగ్రీల కాస్ 0.9249. లబ్ధం 0.8144.

మూడో మెట్టు. రెండూ కూడితే 0.9118.

నాలుగో మెట్టు. విలోమ కాస్ (cos⁻¹) మీట నొక్కండి. 24.24 డిగ్రీలు.

అయిదో మెట్టు. 111.2తో గుణించండి. 2,695 కిలోమీటర్లు.

ఆ 111.2 ఎక్కడిదంటే, భూమి సగటు వ్యాసార్థం 6,371 కిలోమీటర్లు తీసుకుని చుట్టుకొలతను 360తో భాగిస్తే వచ్చేది. అదే దారిలో లండన్ కడితే 8,046 దగ్గర తేలుతుంది.

మూడు జాగ్రత్తలు.

ఒకటి, ఎక్సెల్‌లోగానీ గూగుల్ షీట్స్‌లోగానీ చేస్తే కోణాలు రేడియన్లలో అడుగుతుంది. ప్రతి డిగ్రీనీ 3.14159తో గుణించి 180తో భాగించాకే సైన్‌కి అందించండి. చివర్లో వచ్చేది కూడా రేడియన్లే కాబట్టి అక్కడ 111.2 కాదు, 6,371తో గుణించాలి.

రెండు, ఈ సూత్రాన్ని తిరుపతిలాంటి దగ్గరి ఊరికి నాలుగు దశాంశాలతో వాడకండి. కాస్ విలువ 1కి మరీ దగ్గరగా ఉండి, కొసన ఒక్క అంకె కదిలినా కిలోమీటర్లు మారిపోతాయి. దగ్గరికి త్రిభుజం, దూరానికి ఇది.

మూడు, మైనస్. శాన్‌ఫ్రాన్సిస్కో రేఖాంశం ముందు మైనస్ మర్చిపోతే జవాబు 5,170 కిలోమీటర్ల చిల్లర వస్తుంది. “అమెరికా ఇంత దగ్గరా!” అని మురిసిపోకండి. అది చైనా తూర్పు తీరం, వేయ్‌హై దగ్గర సముద్రం.

6. కిలోమీటరా, మైలా, నాటికల్ మైలా

విమానాలను మ్యాపు మీద చూపించే యాప్‌లలో వేగం 450 అని కనిపిస్తే అది తరచూ నాట్లలో ఉంటుంది. నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు, అంటే సరిగ్గా 1.852 కిలోమీటర్లు. 450 నాట్లు అంటే గంటకి 833 కిలోమీటర్లు. మామూలు మైలు 1.609. తరచూ ప్రయాణించేవాళ్ళకిచ్చే పాయింట్లు ఈ మామూలు మైళ్ళలో చెప్తుంటారు.

మీ జవాబు ఇంకొకరి జవాబుకి 1.85 రెట్లో, 1.6 రెట్లో తేలిందంటే లెక్క తప్పలేదు, కొలబద్ద మారింది.

7. దూరం నుంచి గేటు సమయానికి

లిఫ్టులో ప్రశ్నకు జవాబు ఇక్కడుంది.

టికెట్ మీద రాసే సమయం చక్రాల కింద అడ్డుచెక్కలు తీసినప్పటి నుంచి, అవతల మళ్ళీ పెట్టేదాకా. గాల్లో ఉండేది అందులో ఒక ముక్క. గేటు దగ్గర వెనక్కి నెట్టాలి, రన్‌వే దాకా పాకాలి, ముందున్న నాలుగు విమానాల వెనక నిలబడాలి. లేచాక పైకెక్కేటప్పుడు పూర్తి వేగం ఉండదు. దిగేటప్పుడు ఇంకా తక్కువ. కెంపేగౌడలో రెండు రన్‌వేలూ తూర్పు పడమరలుగా పరిచి ఉన్నాయి. విశాఖ వెళ్ళే విమానం ఆ రోజు గాలిని బట్టి పడమటి ముఖంగా లేవాల్సి వస్తే ముందు వెనక్కి తిరగాలి, ఆ మలుపుకి కొన్ని నిమిషాలు.

ఈ ఖర్చు హైదరాబాద్ వెళ్ళినా ఢిల్లీ వెళ్ళినా ఇంచుమించు ఒకటే. అందుకే సమయాన్ని రెండు ముక్కలుగా కట్టాలి: దూరంతో పెరిగేది, పెరగనిది.

నేను వాడే కొలతలు:

• ఏ320, 737లాంటి జెట్: దూరాన్ని 800తో భాగించి 40 నిమిషాలు కలపండి.
• ఏటీఆర్: దూరాన్ని 480తో భాగించి 40 నిమిషాలు కలపండి.
• 777, 787లాంటి పెద్ద విమానం: దూరాన్ని 850తో భాగించి 40 నిమిషాలు కలపండి.

జెట్ 840 దగ్గర పోతుంది కదా, 800 ఎందుకు? ఎగిరే దారి నేరు గీత కంటే ఎప్పుడూ కాస్త పొడవు. గగన మార్గాల మలుపులు, దిగే ముందు వరసలో తిరగడం కలిపి అయిదు శాతం వేసుకుంటాను. దూరాన్ని పెంచే బదులు వేగాన్ని అయిదు శాతం తగ్గించాను, అంతే. మిగతా రెండు రకాలకూ ఇదే తగ్గింపు కలిసే ఉంది.

కట్టి చూద్దాం:

• హైదరాబాద్, జెట్: 34 నిమిషాలు, 40 నిమిషాలు. గంటా పావు.
• విజయవాడ, జెట్: 37, 40. గంటా ఇరవైకి దగ్గర.
• విజయవాడ, ఏటీఆర్: 62, 40. గంటా నలభై.
• విశాఖ, జెట్: 58, 40. గంటా నలభై.
• తిరుపతి, ఏటీఆర్: 26, 40. గంటా అయిదు.
• ఢిల్లీ, జెట్: 128, 40. రెండు గంటల యాభై.
• దుబాయ్, జెట్: 202, 40. నాలుగు గంటలు.
• శాన్‌ఫ్రాన్సిస్కో, పెద్ద విమానం: పదహారున్నర గంటలు, 40 నిమిషాలు. పదిహేడు గంటల పైన.

విజయవాడ, విశాఖ వరసలు ఇంకోసారి చూడండి. విశాఖ 280 కిలోమీటర్లు ఎక్కువ దూరం. అయినా అక్కడికి జెట్లో, విజయవాడకి ఏటీఆర్‌లో పట్టే సమయం ఒకటే. టికెట్ కొనేటప్పుడు విమానం రకం చూడమని మొదట్లో అన్నది ఇందుకే.

తిరుపతి వరసలో దూరానికి పట్టేది 26 నిమిషాలే, మిగతా 40 దూరంతో పనిలేని ఖర్చు. ఊరు ఎంత దగ్గరైతే విమానం అంత తక్కువ లాభం.

మీ జవాబుకీ టికెట్‌కీ పది పదిహేను నిమిషాల తేడా ఉంటే కంగారు పడకండి. ఆలస్యం అన్న మాట పడకుండా సంస్థలు సమయపట్టికలో కొంచెం దిండు వేసుకుంటాయి. అసలు సంగతి కావాలంటే విమానాల్ని చూపించే యాప్‌లో అదే సర్వీసు గత వారం రోజులూ నిజంగా ఎంతసేపు పట్టిందో చూసి సగటు తీయండి. ఏ సూత్రం కన్నా అది నమ్మకం.

8. గాలి, మూసేసిన ఆకాశం

చలికాలంలో ఉత్తర భారతం మీద, ఎత్తులో, పడమర నుంచి తూర్పుకి జోరుగాలి వీస్తుంది. విమానం వేగం 840 అనుకుని ఎదురుగాలి 100 ఉంటే నేల మీద కొలిచే వేగం 740. అదే గాలి వెనక నుంచి తోస్తే 940. దుబాయ్ దారికి అయిదు శాతం కలిపి 2,830 కిలోమీటర్లు అనుకుంటే, వెళ్ళేటప్పుడు గాల్లో 3 గంటల 49 నిమిషాలు, వచ్చేటప్పుడు 3 గంటల ఒక నిమిషం. ఒకే దారి, 48 నిమిషాల తేడా.

వానాకాలంలో మన దక్షిణాది నెత్తిన ఎత్తులో గాలి తిరగబడి తూర్పు నుంచి వీస్తుంది. ఈ తూర్పు జెట్ గాలిని 1950లలోనే వివరించినవాడు వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం. కాబట్టి జనవరిలో చూసిన సమయాన్ని జులైకి వాడకండి. ఢిల్లీ, హైదరాబాద్‌లాంటి ఉత్తర దక్షిణ దారుల్లో ఈ గాలి పక్క నుంచి తగులుతుంది, తేడా తక్కువ.

ఇక ఏ సూత్రానికీ అందని కారణం ఒకటుంది. 2019 ఫిబ్రవరి చివర్లో పాకిస్తాన్ గగనతలం మూసేసి జులైలో తెరిచింది. 2025 ఏప్రిల్‌లో భారత విమాన సంస్థలకు మళ్ళీ మూసింది. అలాంటప్పుడు యూరప్, అమెరికాలకు పోయే మన విమానాలు అరేబియా సముద్రం మీదుగా చుట్టూ తిరుగుతాయి. రష్యా ఆకాశం 2022 నుంచి యూరప్, అమెరికా సంస్థలకు లేదు. నేరు దూరం మారదు, ఎగిరే దూరం మారుతుంది. దూర ప్రయాణానికి అయిదు శాతం చాలదనిపిస్తే యాప్‌లో నిన్నటి విమానం గీసిన గీత చూసి శాతం పెంచుకోండి.

9. గడియారం తేడా, తేదీ తేడా

టికెట్ మీద ప్రతి సమయమూ ఆ ఊరి గడియారానిదే. నియమం ఒక్కటే: రెండింటినీ మన సమయంలోకి మార్చాకే తీసివేయండి.

దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. ఉదయం 10:00కి ఇక్కడ లేచి మధ్యాహ్నం 12:30కి అక్కడ దిగారనుకుందాం. చూడ్డానికి రెండున్నర గంటలు. ఆ 12:30 మనకు 2:00, అంటే అసలు ప్రయాణం 4 గంటలు. తిరుగు ప్రయాణంలో అక్కడ రాత్రి 10:00కి లేచి ఇక్కడ తెల్లవారుజాము 3:10కి దిగితే కనిపించేది 5 గంటల 10 నిమిషాలు, అసలు 3 గంటల 40.

ఒక చిట్కా. గడియారం తేడా ఎంతో తెలియకపోయినా, వెళ్ళేటప్పుడు కనిపించే సమయాన్నీ వచ్చేటప్పుడు కనిపించే సమయాన్నీ కూడి సగం చేయండి. 2:30, 5:10 కలిపితే 7:40, సగం 3:50. తేడా తనంతట తనే కొట్టుకుపోయి సగటు ప్రయాణ సమయం మిగులుతుంది. నేరు విమానాలకే పనిచేస్తుందిది, మధ్యలో ఆగేవాటికి కాదు.

అమెరికా, బ్రిటన్‌లలో ఏడాదికి రెండుసార్లు గడియారం మారుస్తారు. శాన్‌ఫ్రాన్సిస్కో మనకు చలికాలంలో పదమూడున్నర గంటలు వెనక, వేసవిలో పన్నెండున్నర. అమెరికాలో మార్చి రెండో ఆదివారం ముందుకు జరిపి నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. బ్రిటన్‌లో మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం. ఈ తేదీలకు అటూ ఇటూ ప్రయాణమైతే తేడాని కొత్తగా చూసుకోండి, పోయినేడాది గుర్తుతో కట్టకండి.

జనవరి 10 రాత్రి 9:00కి శాన్‌ఫ్రాన్సిస్కోలో లేచే విమానం తీసుకోండి. పదమూడున్నర కలిపితే మనకు 11వ తేదీ ఉదయం 10:30. పదిహేడు గంటల ప్రయాణం కలిపితే 12వ తేదీ తెల్లవారుజాము 3:30. టికెట్ మీద పక్కన చిన్నగా +2 అని ఉండేది ఇందుకే.

ఇప్పుడు మన తెలుగిళ్ళలో తరచూ జరిగే తప్పు. మన పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. “శనివారం రాత్రి రెండింటికి” అంటే మనకు శనివారం గడిచిన రాత్రి. టికెట్‌కి అది ఆదివారం. మా బాబాయి ఒకసారి ఆదివారం 00:40 విమానానికి ఆదివారం రాత్రి భోంచేసి, పెరుగన్నం కట్టించుకుని మరీ దేవనహళ్ళి వెళ్ళాడు. విమానం వెళ్ళిపోయి దాదాపు ఒక రోజైంది. కౌంటర్లో అమ్మాయి టికెట్ చూసి ఏమీ అనలేక నవ్వాపుకుందట. అప్పటి నుంచి మా ఇంట్లో అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము 4:00 మధ్య విమానాలకు రెండు తేదీలూ రాస్తాం: “శనివారం రాత్రి భోజనం చేసి బయల్దేరాలి, ఆదివారం తేదీ.”

10. గుమ్మం నుంచి గుమ్మానికి

లేచే సమయం నుంచి వెనక్కి లెక్కపెట్టండి. ముందుకి కడితే ఎప్పుడూ పొదుపుగానే తోస్తుంది.

చాలా సంస్థలు దేశీయ ప్రయాణాలకు గంట ముందు సామాను కౌంటర్ మూసేస్తాయి, 25 నిమిషాల ముందు గేటు మూసేస్తాయి. కాబట్టి టెర్మినల్ తలుపు దగ్గర దేశీయానికి రెండు గంటల ముందు, విదేశానికి మూడు గంటల ముందు ఉండండి. ముఖం చూపించి లోపలికెళ్ళే డిజియాత్ర ఉంటే ఆ వరస తగ్గుతుంది, సామాను వరస తగ్గదు. పచ్చళ్ళ డబ్బాలు తీసుకెళ్ళేవాళ్ళకు సామాను వరస తప్పదు.

మారతహళ్ళి నుంచి విజయవాడ బెంజి సర్కిల్‌కి, ఏటీఆర్‌లో:

• ఇంటి నుంచి టెర్మినల్: గంటన్నర
• టెర్మినల్లో: రెండు గంటలు
• గేటు నుంచి గేటు: గంటా నలభై
• దిగి, సామాను పట్టుకుని బయటపడటం: అరగంట
• గన్నవరం నుంచి బెంజి సర్కిల్: ముప్పావుగంట

మొత్తం ఆరు గంటల ఇరవై అయిదు నిమిషాలు. అందులో 498 కిలోమీటర్ల నేరు దూరానికి నిజంగా ఖర్చయింది గంటే.

హైదరాబాద్ కూకట్‌పల్లికి ఇలాగే కడితే ఆరుంబావు నుంచి ఆరున్నర గంటలు వస్తుంది. యశ్వంత్‌పూర్ నుంచి కాచిగూడ వందే భారత్ దాదాపు 610 కిలోమీటర్లు ఎనిమిదిన్నర గంటల్లో పోతుంది. మీ ఇల్లు యశ్వంత్‌పూర్ పక్కన, వెళ్ళేది కాచిగూడ పక్కనైతే విమానం మిగిల్చేది రెండు గంటలో, ఇంకా తక్కువో. నేనైతే సామాను ఎక్కువున్నప్పుడు రైలే ఎక్కుతాను.

టెర్మినల్ దాకా సమయానికి మ్యాపు చూసేటప్పుడు ఇప్పుడు ఎంత పడుతుందో కాక, ప్రయాణం రోజు, ఆ గంటకు పెట్టి చూడండి. సాయంత్రం ఆరింటికి హెబ్బాళ ఫ్లైఓవర్, ఉదయం నాలుగింటికి హెబ్బాళ ఫ్లైఓవర్ రెండూ వేర్వేరు ఊళ్ళు. ఎలక్ట్రానిక్ సిటీ నుంచి వాయు వజ్ర బస్సైతే రెండున్నర గంటలకు తక్కువ వేసుకోకండి. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో దేవనహళ్ళి వైపు పొగమంచు పడుతుంది. ఆ నెలల్లో మొదటి విమానం దిగాక గంటలోనే ఇంకో బండి పట్టుకునేలా ఏర్పాటు చేసుకోకండి.

11. జవాబు తేడాగా వస్తే

దూరం 20 నుంచి 30 కిలోమీటర్లు తప్పింది: పాత విమానాశ్రయమో, ఊరి నడిబొడ్డో పట్టారు.

9, 10 కిలోమీటర్లు తప్పింది: నిమిషాలను దశాంశాలుగా ఎక్కించారు.

దూరం అర్థం లేకుండా వచ్చింది: రేడియన్లు, లేదా అక్షాంశం రేఖాంశం తారుమారయ్యాయి. మన ఊళ్ళకు చిన్న సంఖ్య అక్షాంశం, పెద్దది రేఖాంశం.

విదేశానికి రెండువేల కిలోమీటర్లు ఎక్కువొచ్చింది: బల్లపరుపు లెక్క కట్టారు.

సమయం సగమే వచ్చింది: 40 నిమిషాలు కలపలేదు, లేదా ఏటీఆర్‌ని జెట్‌గా కట్టారు.

సమయం సరిగ్గా గంట తప్పింది: అవతల గడియారం మార్చారు.

12. బయల్దేరే ముందు రాత్రి

☐ టికెట్ మీద కోడ్లు, మీరు కట్టిన కోడ్లు ఒకటేనా

☐ టెర్మినల్ ఒకటా రెండా. కెంపేగౌడలో తప్పు దాని ముందు దిగితే పెట్టెలతో మళ్ళీ బస్సు ఎక్కాలి

☐ విమానం రకం మార్చారేమో

☐ ఆ సర్వీసు గత వారం సగటు సమయం

☐ దిగే సమయం అవతలి గడియారంలో రాసి, తీసుకెళ్ళడానికొచ్చేవాళ్ళకు పంపారా

☐ అర్ధరాత్రి దాటాక విమానమైతే, ఏ రాత్రి భోజనం తర్వాత బయల్దేరాలో ఇంట్లో అందరితో ఒకసారి పైకి చెప్పించారా. మా బాబాయి ఇప్పుడు రెండుసార్లు చెప్పిస్తాడు.